తమ్ముడు వేసిన పూత

ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ తొక్కుడక్కే. కొత్తగా విన్నవాళ్ళు మూతి బిగించి నవ్వు ఆపుకుంటారు. నవ్వితే నవ్వనీండి, ఆవిడకి అదేం చిన్నతనం కాదు. మట్టి గోడలు పెట్టే ఇంట్లో పుట్టింది, నడక కుదిరిందో లేదో తడి మట్టిలోకి దిగింది, తండ్రి కట్టిన గోడలన్నింటికీ మట్టి తొక్కి ఇచ్చింది. చేతులతో పేరు తెచ్చుకున్నవాళ్ళు లోకంలో బోలెడంతమంది. కాళ్ళతో తెచ్చుకున్నది, నాట్యం చేసేవాళ్ళని పక్కన పెడితే, మా ఎరుకలో ఈవిడొక్కతే.

ఆ పని చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. గుంటలో జల్లించిన మట్టి వేసి, నీళ్ళు పోసి, తరిగిన గడ్డి చల్లుతారు. నడుం మీద చేతులు పెట్టుకుని గుండ్రంగా తిరుగుతూ దాన్ని తొక్కాలి. మొదట్లో మట్టి పాదాన్ని పట్టుకుని ఒక పట్టాన వదలదు. తొక్కగా తొక్కగా, ఏ పూటకో, పాదం దానంతటదే శుభ్రంగా పైకి వచ్చేస్తుంది. అప్పుడు మట్టి సిద్ధమైనట్టు. ఆ ఇంట్లో దాన్ని కాలు వదలడం అనేవాళ్ళు. "కాలు వదిలిందటే?" అని తండ్రి గోడ మీద కూర్చుని అరిచేవాడు. "ఎక్కడ నాన్నా, పీకినా రావట్లేదు" అని కూతురు గుంటలోంచి అరిచేది. ఆ గుండ్రటి నడకలో ఒక మత్తుంది. వీపు మీద ఎండ, పాదాల కింద చల్లదనం, ముక్కులో గడ్డి వాసన. కళ్ళు మూతలు పడిపోతాయి, కాళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. తొక్కుడక్క తన కలల్లో సగం అలా నడుస్తూనే కన్నది.

గోడలు కూడా నిద్రపోతాయని ఆ ఇంటి లెక్క. రోజుకి మూరెడు ఎత్తు మించి పెట్టకూడదు. పెట్టింది ఆరేదాకా గోడ నిద్రలో ఉన్నట్టే, దాన్ని కదపకూడదు, ఆనుకోకూడదు. తల్లి అయితే పచ్చి గోడ పక్కన గొంతు తగ్గించి మాట్లాడేది. "లేస్తే ఏడుస్తుందా ఏంటే?" అని తండ్రి వేళాకోళం చేసేవాడు. "ఏడిస్తే ఊరుకోబెట్టేది నేనేగా" అనేది తల్లి. సాయంత్రాలు ఆ ఇంట్లో గోడ మీద చెయ్యి పెడితే పగటి ఎండ వెచ్చగా తగిలేది. తెల్లవారేసరికి అదే గోడ చల్లగా ఉండేది. తొక్కే గుంట దగ్గరికి కందిరీగలు కూడా వచ్చేవి. అవీ అదే మట్టిని ముద్దలు చేసుకుని పట్టుకెళ్ళి చూరు కింద ఇళ్ళు కట్టుకునేవి. ఒకే గుంట, ఒకే మట్టి. మనిషికీ కందిరీగకీ అప్పట్లో అంత తేడా లేదు, కందిరీగ కాస్త నేర్పరి, అంతే.

అప్పుడే ఆ ఊరికి సిమెంటు వచ్చింది. ఊరవతల ఒక తెల్ల కొండ ఉండేది. దాన్ని తవ్వి, కాల్చి, పొడి చేసి బస్తాలకెత్తడం మొదలుపెట్టారు. ఆ పొడికి నీళ్ళు తగిలితే మళ్ళీ కొండంత గట్టిగా అయిపోతుందట! ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. తొక్కుడక్క తమ్ముడైతే మరీను. వాడు అక్కకంటే బాగా చిన్న, మీసం మొలవని వయసు. మట్టి అంటే వాడికి సిగ్గు, గోళ్ళలో మట్టి ఉంటుందని బళ్ళో చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు. పోయి పోయి పట్నంలో సిమెంటు మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. మొదటి కూలి చేతికొచ్చిన రోజు చొక్కా కొనుక్కున్నాడా, మిఠాయి తిన్నాడా? లేదు. ఒక సిమెంటు బస్తా సైకిలు మీద వేసుకుని, తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. అమ్మ వంటింటి గోడకి, వాన కొట్టే వైపున, తనే పూత వేస్తానన్నాడు. "ఇక నీ గోడకి చావు లేదమ్మా" అని తాపీ తీశాడు. పొద్దు వాలేలోపు గోడంతా నున్నగా, బూడిద రంగులో మెరిసింది. మర్నాడు తెల్లారకుండానే పనికి వెళ్ళిపోయాడు.

తండ్రి ఆ పూత మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. మట్టి గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది, దాని ఊపిరి అదే. మీద సిమెంటు పూస్తే, సందుల్లోంచి లోపలికి దూరిన నీళ్ళకి ఇక బయటికి దారి ఉండదు. పైకి నున్నగా కనిపిస్తూనే లోపల గోడ మెత్తబడిపోతుంది. "తీసేద్దామా నాన్నా?" అంది కూతురు. "పిల్లాడు ముచ్చటపడి వేశాడే. ఇప్పుడు చెక్కేస్తే ఎంత చిన్నబుచ్చుకుంటాడు! వానలకి ముందు నెమ్మదిగా చెబుదాంలే" అన్నాడాయన. ఆ నెమ్మది కుదిరేలోపు వానలు వచ్చేశాయి. వారం రోజుల ముసురు తర్వాత ఒక సాయంత్రం, తల్లి లోపల ఉండగా, వంటింటి గోడ ఉన్నపళంగా కూర్చుండిపోయింది. తల్లి మళ్ళీ లేవలేదు.

తమ్ముడు వచ్చేసరికి మట్టి ఎత్తేశారు, పూత పెళ్ళలు ఎత్తేశారు. వాడికి కనిపించింది ఖాళీ జాగా ఒక్కటే. "నీ మట్టే మా అమ్మని మింగింది" అన్నాడు తండ్రి మొహం మీద. తండ్రి తల దించుకుని ఊరుకున్నాడు. తర్వాత కూతుర్ని పక్కకి పిలిచి, "వాడికి ఎప్పటికీ చెప్పనని నాకు మాటివ్వు" అన్నాడు. ఇచ్చింది. తమ్ముడు ఆ తర్వాత తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన పోయేదాకా మాట్లాడలేదు. ఇద్దరికీ మధ్య నిలబడి తొక్కుడక్క నోరు కుట్టేసుకుంది. బతుకంతా ఆవిడ మోసిన బరువు ఇదే. మట్టి తట్టలు దీని ముందు ఏపాటి?

ఇక ఏళ్ళు గడిచిన తీరు అడిగితే, ఆవిడ "ఏమో, నిద్రలో నడిచినట్టు నడిచాను" అంటుంది. తమ్ముడు సిమెంటు మేస్త్రీ అయ్యాడు, అయ్యి ఊరంతా కట్టాడు. మట్టి ఇళ్ళు ఒక్కొక్కటే నేలలోకి వెళ్ళిపోయాయి, వాటి చోట మేడలు లేచాయి. మట్టి తొక్కించుకునేవాళ్ళు లేక, ఆవిడ తమ్ముడి దగ్గరే గోడలు తడిపే పనికి చేరింది. రబ్బరు గొట్టం పట్టుకుని ఆ గోడలకి నీళ్ళు కొట్టేది. అవి ఎంత తాగినా మెత్తబడేవి కావు, ఏ పూటా నిద్రపోయినట్టు అనిపించేవి కావు. సిమెంటు నీళ్ళకి ఆవిడ పాదాలు పగిలిపోయాయి. పగలంతా గట్టి నేల మీద నడిచి, పడుకున్నాక కలలో మెత్తటి మట్టి తొక్కేది.

ఒక కల మటుకు మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఊళ్ళోని మేడలన్నీ ఒకదాని వెనక ఒకటి, చప్పుడు చెయ్యకుండా, ఏటి వైపు నడిచిపోతుంటాయి. ఏటి ఒడ్డున ఆగి, ఒంట్లోని ఇసకంతా దులుపుకుని నీళ్ళలో పోసేస్తాయి. తెల్ల పొడి మబ్బులా లేచి, ఊరవతలకి వెళ్ళి మళ్ళీ కొండై కూర్చుంటుంది. మేడల్లో ఉన్న జనం మంచాల మీద పడుకునే ఉంటారు, వాళ్ళ మీద ఆకాశం ఉంటుంది, ఎవరికీ మెలకువ రాదు. ఆవిడ లేచి చూస్తే కొండ ఉండదు. అది ఏనాడో తరిగిపోయి నీళ్ళు నిలిచిన గొయ్యి అయింది. కలని తమ్ముడికి చెబితే, "ఇళ్ళు నడిచాయా? అయితే పునాది సరిగ్గా వెయ్యలేదు, అది నా పని కాదు" అనేవాడు. పైగా వాడి సొంత మేడ చూడాలి! మూడంతస్తులు, గోరు పెట్టినా గీత పడదు. ఎండాకాలంలో మాత్రం లోపల మనిషి ఉండలేడు. నేల మీద నీళ్ళు పోసుకుని, తడి చాప మీద బోర్లా పడుకుని, "గట్టితనం అంటే ఇదీ" అనేవాడు చెమటలు కక్కుతూ. కోపం రాదూ మరి? కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, అక్కకి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునేది కూడా వాడే.

ఆ తమ్ముడికి ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల, మేనత్త చేతుల్లో పెరిగింది. పెద్ద చదువు చదివింది, అదీ ఇళ్ళు కట్టే చదువే. చదువు ముగించుకుని వచ్చి తండ్రి ముందు కూర్చుని, "నాన్నా, ఊరి చివర మన చిన్న స్థలంలో నేనొక ఇల్లు కట్టుకుంటా. మట్టితో" అంది. తండ్రికి తాగుతున్న టీ పొలమారింది.

"మట్టా? నేను బతికుండగా?"

"నువ్వు బతికుండగానే నాన్నా. నాకు చల్లగా ఉండాలి, ఊపిరాడాలి. ఆ ఇల్లు నాతోపాటే ముసలిదవ్వాలి. నా తర్వాత ఎవరికీ బరువు కాకుండా నేలలో కలిసిపోవాలి. దాని మీద గడ్డి మొలవాలి."

"ఛీ ఛీ, పొద్దున్నే అవేం మాటలే! ఇల్లంటే వందేళ్ళు నిలబడాలి. కలిసిపోవడానికా కట్టేది?"

"మనం మాత్రం వందేళ్ళు నిలబడతామా ఏంటి? ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళిపోమూ? ఇల్లూ అంతే."

కూతురి ముందు ఆ మేస్త్రీ మాట ఎప్పుడూ చెల్లదు. పిల్ల లేచి వచ్చి మేనత్త పాదాల దగ్గర కూర్చుని, ఆ పగుళ్ళ మీద వేలు పెట్టి, "అత్తా, నాకు తొక్కడం నేర్పుతావా?" అని అడిగింది. తొక్కుడక్కకి ఎంత సంతోషమేసిందంటే, ఆ సంతోషానికి భయం వేసింది.

తర్వాత ఆ ఎండాకాలమంతా ఒక పొడుగాటి మధ్యాహ్నంలా జరిగింది. అత్తా మేనకోడలూ గుంటలో ఎదురెదురుగా గుండ్రంగా తిరిగేవాళ్ళు. "కాలు వదిలిందటే?" "లేదత్తా, నా చెప్పు కూడా లాగేసుకుంది." "చెప్పులేసుకుని దిగావా, తింగరి మొహమా!" మొదటి రోజే ఎక్కడినుంచో కందిరీగలు వచ్చాయి. ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయో, ఎవరు కబురు పెట్టారో. కోడలు బొమ్మ గీసుకుని, లెక్క వేసుకుని, ఎండ ఎటు వస్తుందో గాలి ఎటు వీస్తుందో చూసి కిటికీలు పెట్టింది. మూరెడు మూరెడు చొప్పున గోడలు లేచాయి. పని ఆపేశాక ఇద్దరూ నిద్రపోతున్న గోడల మధ్య కూర్చుని గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. పచ్చి మట్టి వాసన చుట్టూ నిలిచి ఉండేది. కాసేపటికి మాట ఎవరిదో, మౌనం ఎవరిదో తెలిసేది కాదు. ఒక్కోసారి తన తల్లి పక్క గదిలోనే ఉన్నట్టు, పిలిస్తే పలికేట్టు అనిపించేది తొక్కుడక్కకి.

తమ్ముడు రోజూ వచ్చేవాడు. దూరంగా నిలబడి, మొహం ముడుచుకుని చూసి వెళ్ళిపోయేవాడు. పైకప్పు వేసిన రోజున మటుకు లోపలికి వచ్చి, కూతురు మంచం వేసుకోబోయే గదిలో, వాన కొట్టే వైపు గోడ ముందు నిలబడ్డాడు. "దీని పక్కనా పడుకుంటావు?" అన్నాడు మెల్లగా.

కిటికీ తలుపులు చూసుకు రావడానికి కోడలు పొరుగూరు వెళ్ళింది. తొక్కుడక్క నడుం పట్టేసి ఇంట్లో పడుకుంది. వాళ్ళిద్దరూ లేని ఆ రెండు రోజుల్లో తమ్ముడు బస్తాలు దింపి, ఎవరినీ సాయం పిలవకుండా, ఒక్కడే నిచ్చెన ఎక్కి ఆ గోడ బయటివైపంతా సిమెంటు పూత వేసేశాడు. నున్నగా, అంచులు దిద్ది, తన బతుకులో ఇంత శ్రద్ధగా ఏ గోడకీ వెయ్యలేదన్నట్టు వేశాడు. మూడో రోజు సన్నగా ఒక జల్లు కూడా పడింది.

కోడలు తిరిగొచ్చి చూసింది. తొక్కుడక్క కూడా నడుం పట్టుకుని అప్పుడే వచ్చింది. తమ్ముడు గోడ పక్కన నిలబడి, ఒళ్ళంతా సిమెంటు మరకలతో, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "ఎలా ఉంది తల్లీ? ఇక నేను పోయినా నాకు బెంగ లేదు. ఈ గోడ నిన్ను చూసుకుంటుంది." పిల్ల మొహం ఒక్క క్షణం పాలిపోయింది, వెంటనే సర్దుకుంది. "బాగుంది నాన్నా" అంది.

వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే అత్త చెయ్యి పట్టుకుంది. "తెలుసత్తా, మట్టి మీద అది వెయ్యకూడదు. కానీ ఎంత సంబరపడుతున్నాడో చూశావుగా. ఈ ఒక్క వానాకాలానికి ఏం కాదులే. తర్వాత నెమ్మదిగా చెబుతాను."

నెమ్మదిగా. ఆ మాట తొక్కుడక్క ఒకప్పుడు నాన్న నోట విన్నది. అదే మాట, అదే ప్రేమ, అదే వాన కొట్టే వైపు. ఏం మనుషులురా ఈ ఇంటివాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు నొప్పించడానికి ఒప్పుకోరు, చంపుకోవడానికైనా సిద్ధం! చెబితే తమ్ముడు ఏమైపోతాడో. చెప్పకపోతే ఈ పిల్ల మంచం ఆ గోడ పక్కనే.

ఆవిడ గుంట దగ్గరికి వెళ్ళింది. అడుగున ఇంకా కాస్త మట్టి మిగిలి ఉంది. పనేమీ లేకపోయినా దిగి తొక్కడం మొదలుపెట్టింది. తిరగ్గా తిరగ్గా కళ్ళు మూతలు పడ్డాయి. తండ్రి గోడ మీద కూర్చుని ఉన్నాడు, అదే వయసులో, అదే తలగుడ్డతో. తనే ముసలిదైంది, ఆయన ఇంకా ముసలి కాలేదు. "నాన్నా, మాట తప్పుతున్నాను" అంది. ఆయన మబ్బు పట్టిన ఆకాశం వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తెరిచి, కాళ్ళు కడుక్కోకుండానే తమ్ముడి దగ్గరికి నడిచింది.

వాడు చెక్క బల్ల మీద కూర్చుని తాపీ తుడుచుకుంటున్నాడు.

"ఒరేయ్, ఆ పూత తీసెయ్యి."

"నీకేమైనా మతి పోయిందా అక్కా? రేపో మాపో వానలు."

"అందుకే తియ్యమంటున్నా."

"ఉత్త మట్టిని నమ్మమంటావా? అమ్మని మింగినా నీకింకా..."

"అమ్మని మట్టి మింగలేదురా."

చెప్పింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని నిలబడే చెప్పింది. బస్తా సంగతి, నాన్న అరచెయ్యి పెట్టి చూసిన సంగతి, తీసేద్దామంటే వద్దన్న సంగతి, గోడ పడ్డాక పూత పెళ్ళల వెనక మట్టి జావలా కారిన సంగతి. చెబుతున్నంతసేపూ వాడి మొహం చూడలేదు, వాడి చేతిలో తాపీనే చూసింది. అది కాసేపటికి నేల మీద పడింది.

"అంటే నేనా? నేనేనా అక్కా?"

"నువ్వు కాదు. నాన్నకి తెలుసు, నాకు తెలుసు. తెలిసినవాళ్ళం నోరు మూసుకున్నాం. నీకు తెలీదు. తెలీనివాడిది తప్పెలా అవుతుందిరా?"

"మరి నేను ఆయన్ని అన్నన్ని మాటలన్నానే! చచ్చేదాకా మాట్లాడలేదే! ఎందుకు పడ్డాడే ఆయన? ఎందుకు ఊరుకున్నాడు?"

"నేనూ అడిగాను. 'నా మీద కోపంతోనైనా వాడు బతుకుతాడే. వాడి మీద వాడికే కోపమొస్తే బతకడు' అన్నాడు."

తమ్ముడు లేచి, ఉలీ సుత్తీ తీసుకుని, గోడ దగ్గరికి వెళ్ళి కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి పెళ్ళ ఊడి పడింది. దాని వెనక మట్టి నల్లగా, తడిగా ఉంది. పడింది ఒక్క జల్లే, చుట్టూ గోడలన్నీ ఆరిపోయాయి, అది మాత్రం ఆరలేదు. వాడు దాని మీద అరచెయ్యి పెట్టాడు. వేళ్ళు గోడలోకి దిగాయి.

చప్పుడుకి కూతురు పరిగెత్తుకొచ్చింది. "నాన్నా! ఏం చేస్తున్నావు?"

"నీకు తెలుసు కదే ఇది? ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని..."

"పడితే పడనీవే! బాధపడితే ఏమైంది? బతికే ఉంటాంగా!" అని అరిచాడు. అరిచి, మళ్ళీ గోడ వైపు తిరిగాడు. పిల్ల ఇంకో ఉలి తెచ్చుకుని పక్కన నిలబడింది. తొక్కుడక్క ఊడిపడ్డ పెళ్ళలు ఏరి తట్టలోకి ఎత్తింది. మబ్బు దిగి వస్తోంది, గాలి చల్లబడింది. జల్లులు పడ్డా, ముసురు పట్టేలోపు ఆరడానికి ఆ గోడకి ఇంకా వ్యవధి ఉందని కోడలు లెక్క కట్టి చెప్పింది. ఎవరూ పని ఆపలేదు. ముగ్గురి చేతులూ ఒకే వరసలో, ఒకే మత్తులో కదిలాయి. సగం గోడ మళ్ళీ మట్టి రంగులోకి వచ్చింది.

అప్పుడు తమ్ముడు సుత్తి ఆపి, గోడ వైపే చూస్తూ అడిగాడు. "అక్కా, అమ్మ ఆ పూత చూసిందా? ఆరాక ఎలా ఉందో? నేను తెల్లారకుండానే వెళ్ళిపోయానుగా."

"చూడకపోవడమేంట్రా! వీధిలోవాళ్ళందరినీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించింది. మా వాడి మొదటి కూలి, మా వాడి చేతి పని అని ఒకటే గొప్ప. పని అయ్యాక బయటికొచ్చి ఆ పూతకి చెంప ఆనించి నిలబడేది. 'ఎంత చల్లగా ఉందో, నువ్వూ ఆనించి చూడవే' అని నన్ను పిలిచేది."

"ఎన్నాళ్ళు?"

"రోజూనురా. ఆ రోజు పొద్దున కూడా."

తల నెరిసిన ఆ మేస్త్రీ ఉలి వదిలేసి, అక్క భుజం మీద మొహం పెట్టుకుని, అమ్మా అని భోరుమన్నాడు.